ఒకే వాన, రెండు ఆశలు

తెల్లవారకముందే గాలి తిరిగితే అనంతపురంలో మనుషులకు మెలకువ వస్తుంది. నైరుతి నుంచి వచ్చే ఆ గాలిలో తడి ఉందో లేదో ముందు ఒంటికి తెలుస్తుంది. మబ్బు కనబడేది ఆ తర్వాతే. చాలాసార్లు తడి ఉండదు, గాలి మాత్రం ఉంటుంది. పడమటి కనుమల దగ్గర వానంతా కురిసిపోయాక ఖాళీ అయి ఇటు వచ్చిన గాలి అది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఆ లెక్క వెనక చాలా బాధ ఉంటుంది. ఒక ఏడు చెరువు మరవ పారుతుంది. మరో ఏడు పశువుల దాహానికి కూడా నీళ్ళుండవు. రెండూ కలిపితే కాగితం మీద బాగానే కనబడతాయి. చాలినంత వాన పడిన ఏడు కూడా, అది కావలసిన వారంలో పడకపోతే పడనట్టే.

ఇలాంటి చోట వాన కోసం చూడటం కూడా సేద్యంలో ఒక పనే. ఈ నేల మీద సంపద గురించి ఆలోచించాలంటే ఆ ఎదురుచూపు దగ్గరే మొదలుపెట్టాలేమో అనిపిస్తుంది.

తొలకరి పడగానే ఇక్కడ రెండు రకాల మనుషులు చేలల్లోకి వెళ్తారు. గొర్రు కట్టుకుని విత్తడానికి వెళ్ళేవారు కొందరు. వజ్రాలు వెతకడానికి వెళ్ళేవారు కొందరు.

రెండోది కట్టుకథ కాదు. ఉరవకొండ పక్కన వజ్రకరూరు ఉంది. కర్నూలు వైపు వెళ్తే జొన్నగిరి, తుగ్గలి ఉన్నాయి. మొదటి వానలకు మెత్తటి మట్టి కొట్టుకుపోయి రాళ్ళు పైకి తేలతాయి. వాటిలో ఎక్కడో ఒకటి వజ్రం కావచ్చు. ఆ ఆశతో చుట్టుపక్కల ఊళ్ళ నుంచే కాదు, కడప నుంచీ బళ్ళారి నుంచీ కూడా జనం వస్తారు. సద్ది కట్టుకుని వస్తారు. కొందరు చెట్ల కిందే మకాం పెడతారు. నడుము వంచి, కళ్ళు నేలకు అతికించి, పొద్దుగూకేదాకా నడుస్తారు. ఏటా ఎవరికో ఒకరికి రాయి దొరికిందనీ, వ్యాపారి లక్షలిచ్చి కొన్నాడనీ పత్రికలో వస్తుంది. ఆ వార్త చదివి మరునాడు ఇంకొంతమంది బయలుదేరుతారు.

ఆ రాయి అక్కడికి చేరడానికి పట్టిన కాలం గురించి ఆలోచిస్తే మనసు కాసేపు ఆగిపోతుంది. భూమి లోపల నూటయాభై కిలోమీటర్లకు పైగా లోతులో పుట్టి, సుమారు 110 కోట్ల ఏళ్ళ కిందట కరిగిన శిలతో పాటు పైకి ఎగదన్నుకు వచ్చిన వజ్రాలవి. ఆ శిలను భూగర్భ శాస్త్రవేత్తలు కింబర్లైట్ అంటారు. వజ్రకరూరు చుట్టూ అలాంటి శిల గొట్టాలు ఉన్నాయి. ఎండా వానా కోట్ల ఏళ్ళు అరగదీస్తే ఆ శిల మట్టయింది, రాయి విడివడింది. ఒక్క ఉదయంలో మనిషి బతుకు మార్చగల రాయి, లోకంలో అన్నిటికన్నా నిదానంగా తయారైన వస్తువుల్లో ఒకటి. త్వరగా దొరికే ప్రతి సంపద వెనకా ఇలాగే మరెవరిదో, మరి దేనిదో ఓర్పు ఉంటుందా?

వజ్రాలు వెతికేవారిని అత్యాశాపరులని అనడం తేలిక. కానీ వాళ్ళకు ఓపిక లేదని ఎలా అనగలం? ఎండలో గంటల తరబడి రాళ్ళను చూసుకుంటూ నడవడం, దొరకకపోతే మళ్ళీ వచ్చే తొలకరికి రావడం ఓపిక లేనివాడు చేయగలిగిన పని కాదు. పదేళ్ళుగా వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్ళేవాళ్ళు ఉంటారు. అంటే త్వరపడటానికీ ఓర్పుకూ మధ్య గీత మనం అనుకున్న చోట లేదు. తొందరగా ధనవంతులు కావాలనుకునేవారు కూడా ఏళ్ళకేళ్ళు ఎదురుచూస్తారు.

మరి ఇటు విత్తేవాడి సంగతి?

అతనిది నిదానపు దారి అంటాం. కానీ అనంతపురంలో విత్తడం కూడా పందెమే. పదును చూసి శెనక్కాయ వేస్తారు. పూత వస్తుంది. ఆ తర్వాత ఊడలు నేలలోకి దిగాలి. సరిగ్గా ఆ రోజుల్లో బెట్ట పడితే ఎర్రనేల గట్టిపడి ఊడ దిగదు. పైకి ఆకు పచ్చగానే కనబడుతుంది, పీకితే కాయ ఉండదు. నాలుగు నెలల కష్టం, కొన్న విత్తనం, తెచ్చిన అప్పు అన్నీ ఆ రెండు వారాల వాన మీద ఆధారపడి ఉంటాయి.

ఆ శెనక్కాయ కూడా ఒకప్పుడు త్వరగా డబ్బిచ్చే పంటగానే వచ్చింది. అంతకు ముందు ఈ మెట్టల్లో కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, వాటి మధ్య కంది, అలసంద, ఆముదం ఉండేవి. అవి పెద్దగా డబ్బు తెచ్చేవి కావు. కానీ అన్నీ ఒకేసారి పోయేవీ కావు. కొర్రలు ఏళ్ళ తరబడి నిల్వ ఉంటాయి కాబట్టి మంచి ఏడు పండిన గింజ చెడ్డ ఏడుకు అన్నమయ్యేది. నూనెగింజకు ధర వచ్చాక జిల్లాలో సాగునేల ఎక్కువ భాగం ఒక్క వేరుశనగకే పోయింది. చేతికి డబ్బు వచ్చింది. ఇంట్లో గింజ పోయింది. రైతు తప్పు చేశాడని అనను. పిల్లల చదువుకు ఫీజు కొర్రల్లో కట్టలేరు గదా.

అయితే వజ్రం వెతకడానికీ విత్తనం వేయడానికీ తేడా ఏమిటి? రెండింటిలోనూ వాన కావాలి, రెండింటిలోనూ ఓటమే ఎక్కువ. చాలా రోజులుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఇప్పటికి నాకు తోస్తున్నది ఇంతే. అనుకున్నది రాని ఏడు ఏం మిగిలిందన్నది చూడాలేమో. శెనక్కాయ ఎండిపోయినా కట్టె మిగులుతుంది, పశువులు తింటాయి. పశువులుంటే ఎరువుంటుంది. వేసిన గట్టు ఉంటుంది, తవ్విన కుంట ఉంటుంది, మధ్య సాళ్ళలో వేసిన కంది ఆలస్యంగా పడిన వానకైనా నాలుగు గింజలిస్తుంది. వజ్రం దొరకని ఏడు చేలో మిగిలేది తొక్కిన నేల ఒక్కటే. అందుకే తమ పొలంలోకి రావద్దని రైతులు అడ్డుపడతారు. నిదానపు సంపదకు గుర్తు వేగం తక్కువగా ఉండటం కాకపోవచ్చు. ఓడిన ఏడు కూడా నేల మీద ఏదో ఒకటి మిగల్చడం దాని గుర్తు కావచ్చు.

ఇలా అనుకోగానే బోర్లు గుర్తొచ్చి ఈ మాట తడబడుతుంది.

బోరు వేయడం కూడా సేద్యం కోసమే. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింటు చూసేవారు వస్తారు. టెంకాయ నిలబడిన చోట రాత్రికి బోరు బండి వస్తుంది. వంద అడుగులకు దుమ్ము, రెండు వందలకు దుమ్ము. ఇంకో వంద అడుగులు వేస్తే పడొచ్చు అంటారు. ఇంతదాకా వచ్చి ఆగడం ఎలా? ఇంకో వంద. ఆ మాట మీదే ఈ జిల్లాలో ఎన్నో కుటుంబాలు ఒకటి తర్వాత ఒకటిగా బోర్లు వేసి మునిగిపోయాయి. ఆగకుండా ప్రయత్నించడాన్ని మనం ఓర్పనే మెచ్చుకుంటాం. మరి ఎప్పుడు ఆగాలో తెలియని ఓర్పును ఏమనాలి? భూమి కింద నీళ్ళు కూడా వందల ఏళ్ళుగా చుక్క చుక్కగా ఇంకినవే. ఒక తరం వాటిని తోడేసింది. అక్కడా మరెవరి కాలాన్నో మనం ఖర్చు పెట్టుకున్నాం.

చీనీ (బత్తాయి) తోటల సంగతి ఇంకా బరువుగా ఉంటుంది. చీనీ నాటినవాడి కన్నా ఓపికగలవాడు ఎవడుంటాడు? మొక్క పెట్టాక కాపు చేతికి రావడానికి సుమారు ఐదేళ్ళు పడుతుంది. ఐదేళ్ళు బిడ్డల్లా సాకుతారు. తీరా కాపుకొచ్చే సమయానికి బోరు ఎండితే ట్యాంకర్లతో నీళ్ళు తెచ్చి పోస్తారు. అదీ చాలనప్పుడు చెట్లు కొట్టేస్తారు. ఓపిక పట్టినవాడికి ఫలితం దక్కి తీరుతుందన్న మాట ఇక్కడ అన్నిసార్లూ నిజం కాదు. ఆ మాటను అనంతపురంలో నిలబడి ధైర్యంగా చెప్పగలిగినవాళ్ళు ఉంటారని నేననుకోను.

ఓపికకు ఒక శత్రువు ఉంది. దాని గురించి సంపద శాస్త్రాలు చెప్పేవాళ్ళు తక్కువగా మాట్లాడతారు. అది వడ్డీ.

పల్లెలో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు. ఏడాదికి ఇరవై నాలుగు. ఏడాదికోసారి ఆ వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తే, లక్ష రూపాయల అప్పు మూడేళ్ళకు 1,90,662 అవుతుంది. ఐదేళ్ళకు 2,93,163. అంటే లక్ష అప్పు చేసి చీనీ నాటినవాడు మొదటి కాయ కోసేనాటికి దాదాపు మూడు లక్షలు బాకీ ఉంటాడు. చెట్టు తన వేగంతో పెరుగుతుంది, నోటు తన వేగంతో పెరుగుతుంది. చెట్టు కన్నా నోటుకు వేగం ఎక్కువ. నోటుకు కరువు కూడా లేదు.

చక్రవడ్డీ ఓపికగలవాడికి దేవుడిచ్చిన వరమని చెబుతుంటారు. నిజమే. ఏడు శాతం వచ్చే చోట దాచిన డబ్బు పదేళ్ళు దాటగానే రెట్టింపవుతుంది. కానీ అదే చక్రం అప్పుపడినవాడి వైపు తిరిగినప్పుడు మూడేళ్ళు దాటగానే బాకీని రెట్టింపు చేసి ఇంటి మీద పడుతుంది. అలాంటి ఇంట్లోని మనిషి తొలకరి పడగానే వజ్రకరూరు బస్సెక్కితే, ఎక్కించినది ఆశా లేక భయమా? తొందర ఎప్పుడూ దురాశ నుంచే పుడుతుందని అనుకోవడం సుఖంగా ఉన్నవాళ్ళ అలవాటేమో.

ఓపిక వల్ల డబ్బు కూడుతుందని విన్నాం. డబ్బుంటేనే ఓపిక కుదురుతుందన్నది కూడా అంతే నిజంలా కనబడుతుంది. కోత కాలంలో కళ్ళం దగ్గరే శెనక్కాయ అమ్ముకునేవాడికి రెండు నెలలు ఆగితే ధర పెరగవచ్చని తెలియదా? తెలుసు. కళ్ళం దగ్గర అప్పిచ్చినవాడు నిలబడి ఉంటాడు, అందుకే అమ్ముతాడు. ఆగగలిగినవాడు ఆ కాయలే కొని నిల్వ చేసి ఆ పెరిగిన ధర తీసుకుంటాడు. ఇద్దరిలో ఒకరికి సహనం ఎక్కువని చెప్పగలమా? ఒకరికి రెండు నెలల తిండి ఉంది, మరొకరికి లేదు. తేడా అంతే.

ఈ రెండు నెలలను ఎవరు ఎలా సంపాదించారా అని చూస్తే, ముందుగా కనబడేది ఆడవాళ్ళు.

విత్తనాల కాలంలో బ్యాంకుకు తాకట్టు వెళ్ళేది ఎక్కువగా వాళ్ళ మెడలోని బంగారమే. ఇంట్లో మగవాడి ధైర్యానికి పూచీగా నిలిచేది ఆ గొలుసే. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా మీద తిరగబడిన ఆడవాళ్ళ పోరాటం తర్వాత, 1993లో పొదుపులక్ష్మి వచ్చింది. రోజుకొక రూపాయి. నెలకు ముప్ఫై. ఆ రూపాయితో ఎవరూ ధనవంతులు కాలేదు. కానీ పదిమంది ముప్ఫై రూపాయలు ఒక పెట్టెలో చేరాక, అవతలి ఇంట్లో బిడ్డకు జ్వరమొస్తే వడ్డీవ్యాపారి గడప తొక్కాల్సిన పని ఒక్కసారి తప్పింది. ఒక్కసారి తప్పడం కూడా సంపదే. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చాక, ఇలా కూడబెట్టుకున్న డబ్బు మీద పెత్తనం సభ్యులదే అయ్యేందుకు దారి దొరికింది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల స్వచ్ఛంద సంస్థ టింబక్టు కలెక్టివ్‌తో కలిసి ఆడవాళ్ళు నడుపుకుంటున్న పొదుపు సంఘాలు ఆ దారినే వచ్చాయి.

ఆ టింబక్టు మొదలైంది 1990లో, 32 ఎకరాల బీడు నేలతో. ఎండి, కోసుకుపోయి, ఎవరికీ అక్కర్లేని నేల. తర్వాతి ఏళ్ళలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఉమ్మడి గుట్టలను కాపాడుకుంటూ వచ్చారు. కల్పవల్లి అని పిలిచే ఆ అడవి ఇప్పుడు వేల ఎకరాల్లో ఉంది. వాళ్ళు చేసిన పనిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఒకటి: నాటింది తక్కువ, కాపాడింది ఎక్కువ. ఎండాకాలం గుట్టలకు మంట అంటుకోకుండా చూశారు. మేతకు ఎప్పుడు తోలాలో, ఎప్పుడు తోలకూడదో మాట్లాడుకున్నారు. ముందు గడ్డి వచ్చింది. గడ్డి మట్టిని పట్టుకుంది. మట్టి నీటిని పట్టుకుంది. తర్వాత పొదలు, వంకల వెంట ఈతచెట్లు. ఎదురుచూడటం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమన్న నా ఊహ ఆ గుట్టల ముందు నిలవదు. అక్కడ ఎదురుచూపు అంటే ఏటా వేసవిలో మంటను ఆపడం. ఏ ఒక్కరోజూ ఫలితం కనబడని పని అది.

అయినా అకస్మాత్తుగా వచ్చిన డబ్బును తప్పుపట్టడానికి మనసొప్పదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వస్తుందని 2017లో ప్రకటించగానే చుట్టుపక్కల నేలల ధరలు మారిపోయాయి. తాతల నుంచి రాళ్ళు ఏరుకుంటూ, పండీ పండక, అమ్ముకోకుండా పట్టుకుని ఉన్న నేల అది. దానికి ఒక్క సంతకంతో డబ్బు వచ్చింది. అది త్వరగా వచ్చిన సంపదా, మూడు తరాలు ఆగి వచ్చిన సంపదా? అమ్మినవారికే తెలియాలి. వాళ్ళకూ తెలుసో లేదో. డబ్బు వచ్చిన వేగం కన్నా, వచ్చాక అది ఇంట్లో ఎంతకాలం నిలబడిందన్నదే అసలు లెక్కేమో.

కదిరి వైపు కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. ఆయన యోగి కాకముందు బంగారం చేసే విద్య వెంట తిరిగాడని, పరుసవేది రహస్యం కోసం వెతికాడని జనం చెప్పుకునే కథలున్నాయి. కథ నిజమో కాదో నాకంత ముఖ్యంగా అనిపించదు. ఇనుమును ఒక్క క్షణంలో బంగారం చేసుకోవాలన్న కోరికను ఈ సీమ తన మహాకవికే అంటగట్టుకుంది. అలాంటి కోరిక పుట్టడాన్ని సిగ్గుచేటుగా చూడలేదు. అక్కడే ఆగిపోకుండా దాటి వచ్చినవాడిని గౌరవించింది. ఆ చూపులో ఎంతో దయ కనబడుతుంది.

అనంతపురం ఊరికి ఆనుకుని బుక్కరాయసముద్రం చెరువు ఉంది. 14వ శతాబ్దంలో, విజయనగరాన్ని మొదటి బుక్కరాయలు ఏలుతున్నప్పుడు, పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేశారు. ఈ పట్టణం పుట్టుక కూడా ఆ చెరువుతోనే. ఆ కట్ట తెగబోతే ఊరి కోసం ముసలమ్మ అనే కోడలు ప్రాణమిచ్చిందని చెబుతారు. కట్టమంచి రామలింగారెడ్డి ఆ కథనే ‘ముసలమ్మ మరణము’గా రాశారు. చెరువు వైపు చూసినప్పుడు నాకు రాజు కన్నా ఆ కోడలే ముందు గుర్తొస్తుంది. ఆమె తర్వాత ఏటా తట్టలతో కట్టకు మట్టి మోసినవాళ్ళు, పూడిక తీసినవాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఆరు వందల ఏళ్ళ సంపదను నిలబెట్టింది వాళ్ళు. అందులో ఏ ఒక్కరి ఓపికా దానికి చాలేది కాదు. ఓపికను ఒక్కొక్కరి గుణంగా చూడటంలోనే ఏదో పొరపాటు ఉందని అనుమానం కలిగేది ఇక్కడే.

ఓర్పు సద్గుణమని చిన్ననాటి నుంచి వింటూ వచ్చాం. అనంతపురంలో మాత్రం అది ముందు ఒక వసతిగా కనబడుతుంది. ఇంట్లో ఏడాది గింజ నిల్వ ఉండాలి, ఊళ్ళో చవక వడ్డీకి అప్పు పుట్టాలి, చెరువులో నీళ్ళు నిలవాలి. ఈ మూడూ ఉన్నచోట మనుషులు ఎవరూ చెప్పకుండానే ఓపికగా ఉంటారు. ఏదీ లేనిచోట ఓపిక పట్టమని చెప్పడం న్యాయం కాదు. ఈ మూడింటిలో ఏదీ ఒక్క మనిషి ఒంటరిగా కట్టుకోగలిగేది కాదు. కరువు నేలలో నిదానంగా సంపద కూడాలంటే, ఎదురుచూసే శక్తిని ముందుగా నలుగురూ కలిసి కూడబెట్టుకోవాలి.